పాపిట్లో ఎరుపు

పోయిన వారం మిమ్మల్ని మా చర్చి గడప దగ్గర నిలబెట్టి వదిలేశాను. లోపల పెద్దలు కూర్చున్నారు, బయట నేనూ నా కూతురూ చెప్పులు విప్పుతున్నాం. సంగతి చూస్తే చిన్నదే. నా కూతురు మహిమ కొత్తగూడెంలో ఒక ప్రైవేటు దవాఖానాలో నర్సు. తల్లి రిబ్కా పోయాక నవ్వడం మానేసిన పిల్ల, తోటి నర్సు మధులతతో కలిసి, వీపుకో సంచి తగిలించుకుని అండమాన్ దీవులు చూడ్డానికి పోయింది. అక్కడ హోళీ నాడు సముద్రం ఒడ్డున రంగులాడింది. మధులత ఒక ఫోటో తీసి స్టేటస్ పెట్టింది. పిల్ల ఓడ దిగకముందే ఆ ఫోటో ఇల్లందు చేరి, మా సంఘంలో ప్రతి ఫోన్‌లోకీ దూరింది.

ఫోటోలో వెనక కొబ్బరి చెట్లు, నీలం నీళ్లు. నా కూతురి బుగ్గలు పచ్చగా, గడ్డం నీలంగా ఉన్నాయి. కానీ ఎవరూ వాటిని చూడలేదు. నడినెత్తి నుంచి పాపిట వెంట నుదుటి దాకా చిక్కటి ఎరుపు ఉంది. అందరి కళ్లూ దాని మీదే. ఇవాళ తీర్పు కూడా దాని మీదే.

నేనూ అడిగాను, ఏంది బిడ్డా అది అని. "ఆదివారం అందరి ముందట చెప్త డాడీ. అప్పటిదాంక అడగకు" అంది. అడగలేదు.

లోపలికి వెళ్లాం. ఆరాధన అయిపోయి జనం వెళ్లిపోయారు. ముందు బెంచీ మీద సంఘ పెద్దలు, వాళ్ల మధ్యలో బెంజమిన్. పక్కన కుర్చీలో అయ్యగారు. ఈయన వేంసూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు, పాత కథలేవీ తెలియవు. ఆడవాళ్లలో ముసలి పుల్లమ్మ ఒక్కతే చాప మీద మిగిలింది. ఆమెను లెమ్మన్నారు. "నా మోకాళ్లు లేస్తలెవ్వు" అని అక్కడే కూర్చుంది. మూలన సున్నం డబ్బాలు పేర్చి ఉన్నాయి. ఈస్టర్ దగ్గరపడింది కదా, సమాధులకు వెల్ల వేయాలి. ఈ ఏడు రిబ్కా సమాధికి తన చేత్తో వేస్తానని మహిమ చెప్పి పెట్టుకుంది.

"కూసో అంతోనయ్యా" అన్నాడు బెంజమిన్. నాకు కుర్చీ చూపించాడు. మహిమకు చూపించలేదు.

"బిడ్డ నిలబడ్డంక నాకెందుకు కుర్చీ" అన్నాను.

"నీ ఇష్టం." ఫోన్ తీసి మహిమ ముఖం ముందు పెట్టాడు. "గీ ఫోటోల ఉన్నది నువ్వేనా?"

"అవ్ అంకుల్. నేనే."

"ఇయి ఏం దినాలో ఎరికేనా?"

"శ్రమల దినాలు. ఈస్టర్‌కు ముందు ఉపాసముండే దినాలు."

"ఎరికై ఉండి ఆడినవ్."

"ఎరికై ఉండే ఆడిన."

అయ్యగారు కుర్చీలో కదిలారు. "అమ్మా, అలా అనకు. పొరపాటైందని ఒక్క మాట చెప్పు. ప్రార్థన చేసుకుని ఎవరింటికి వాళ్లం వెళ్లిపోదాం" అన్నారు.

"మాటతోని తెగేది కాదు అయ్యగారూ" అన్నాడు బెంజమిన్. ఆయన బొగ్గుబావి ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాడు. గొంతు పెంచడు. పెంచకుండానే ఎదుటివాణ్ని నేలకు దింపుతాడు. "రంగులాడింది, సరే, పిల్లతనం అనుకుందం. వీపుకు సంచి ఏసుకొని మొగోళ్ల లెక్క దేశం మీద తిరిగింది, అదీ సరే, తల్లి లేని పిల్ల అనుకుందం. కానీ పాపిట్ల ఎరుపేంది? పెండ్లయినోళ్లు పెట్టుకునేది అది. మన ఆడోళ్లు బొట్టే పెట్టుకోరు. ఈ పిల్ల ఏ గుళ్లె, ఎవని చేత పెట్టిచ్చుకున్నదో సంఘానికి తెలవాలె."

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి బొగ్గు లారీ ఎక్కినవాణ్ని. నాకు మాటలు వరసలో రావు.

"బెంజమినన్నా, ఆ గోడ మీద ఎవరి పటాలున్నయ్?" అని అడిగాను.

"ఏ పటాలు?"

"ఆ తెల్ల దొరలయి. వాళ్లు ఓడలెక్కి, మూటలు ఏసుకొని, సముద్రాలు దాటి, పేర్లు తెలవని ఊర్లళ్ల తిరిగినందుకే కదా పటాలు కట్టిచ్చి దండలేసినం. నా బిడ్డ ఓడెక్కితే అది దేశం మీద తిరుగుడు అయిందా?"

చాప మీద పుల్లమ్మ ముక్కుతో చిన్న శబ్దం చేసింది. దగ్గో నవ్వో తెలియలేదు.

"వాళ్లు సువార్త కోసం పోయిన్రు" అన్నాడు బెంజమిన్.

"మరి మీ మనుమడు బెన్నీ మొన్న కాలనీల గుడ్లు పగలగొట్టుకుంట, డ్రమ్ములల్ల ముంచుకుంట హోళీ ఆడిండు. లారీ మీదికెళ్లి నేనే చూసిన. అది ఏ సువార్త?"

"మొగపిల్లలు. స్నేహితులు గుంజుకపోతరు. పాపిట్ల ఎరుపు పెట్టుకొని రాలే కదా."

చూశారా లెక్క. మొగపిల్లాడి ముఖానికి పడితే రంగు. ఆడపిల్ల నెత్తికి పడితే పెళ్లి. ఈ లెక్క ఎవడు కట్టాడో గానీ, దీన్ని తప్పని కొట్టేసే మేస్టారు మాత్రం మా సంఘంలో ఇంతవరకూ పుట్టలేదు.

బెంజమిన్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "పద్ధతి నీకు తెలుసు అంతోనయ్యా. కొత్తగా చెప్పేది లేదు."

నాకు తెలుసు. మా సంఘంలో అది తాతల నాటి నుంచి ఉంది. తప్పు చేసిన బిడ్డను తండ్రే చెయ్యి పట్టుకుని తెచ్చి, ప్రభువు బల్ల ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టాలి. నేను పాపం చేశానని బిడ్డ సంఘమంతా వినేలా అనాలి. అనకపోతే బల్లకు దూరం. అంటే రొట్టె లేదు, ద్రాక్షరసం లేదు. చర్చిలో పెళ్లి లేదు. చచ్చాక సమాధుల తోటలో చోటు లేదు. బతికి ఉండగా ఆ తోట గేటు లోపలికి అడుగు పెట్టే హక్కు కూడా లేదు. తల్లి సమాధికి సున్నం వేయాలన్నా గోడ బయట నిలబడి చూడాల్సిందే.

"వచ్చే ఆదివారం బల్ల ఉంది. నువ్వే చెయ్యి పట్టుకొని తీస్కరా. లేకపోతే ఆ దినమే పేరు కొట్టేస్తం" అన్నాడు.

నా కళ్ల ముందు వేరే చెయ్యి కనిపించింది. మా నాయన చెయ్యి. ఆయన పట్టుకుని లాక్కొచ్చిన మా అక్క చెయ్యి.

మా అక్క జంపక్క. మా ఇంట్లో ప్రభువును నమ్ముకోకముందు పుట్టిన పిల్ల, అందుకే పాత దేవుళ్ల పేరు. బాప్తిస్మంలో వేరే పేరు పెట్టారు గానీ ఎవరి నోటా అది నిలవలేదు. నేను బళ్లో ఉన్న రోజుల్లో, కాముని పున్నానికి, అంటే హోళీకి, అక్క అడవిలోకి పోయి మోదుగు పూలు ఏరుకొచ్చి కుండలో ఉడకబెట్టింది. ఆ రంగు నీళ్లు కాలనీ పిల్లలందరి మీదా చల్లింది. బావిలో బొగ్గు నింపే రామ్‌చందర్ అనే పిల్లాడు ఆమె మీద చల్లాడు. అతను మా మతం కాదు. ఆదివారానికి కూడా అక్క అరచేతుల్లో ఆ నారింజ రంగు పోలేదు. చేతులు కడుక్కుని రమ్మన్నారు. మోదుగు రంగు కడిగితే పోతుందా? బల్ల ముందు మోకాళ్లు వేయమన్నారు. అక్క వేయలేదు. "పువ్వు రంగుకు మోకాళ్లెందుకు" అంది. ఆ మాట నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. మా నాయన చెంప మీద కొట్టాడు. పేరు కొట్టేశారు.

తర్వాత కొద్ది రోజులకే అక్క కనిపించకుండా పోయింది. భద్రాచలం దగ్గర గోదారి ఒడ్డున దొరికాయని ఒక జత చెప్పులు తెచ్చి మా నాయన ముందు పెట్టారు. తెచ్చింది అప్పటి యువజన నాయకుడు, ఇప్పటి మా సంఘ పెద్ద, ఈ బెంజమినే. శవం దొరకలేదు. దొరికినా తోటలో చోటు ఇచ్చేవాళ్లు కాదు. రామ్‌చందర్ కూడా ఊళ్లో కనిపించలేదు గానీ, ఆ బాధకే దేశాలు పట్టిపోయాడనుకున్నారు. నేను బడికి పోతే పిల్లలు గోదారి అని పిలిచేవాళ్లు. బడి మానేశాను. మా అమ్మ ఆ చెప్పుల్ని పాత చీరలో చుట్టి పెట్టె అడుగున దాచింది. బతికినన్నాళ్లూ ప్రతి ఈస్టర్ తెల్లవారుజామున, అందరూ తోట లోపల సమాధుల మీద కొవ్వొత్తులు పెడుతుంటే, ఆమె గోడ బయట మట్టిలో ఒక కొవ్వొత్తి గుచ్చేది. అమ్మ పోయాక రిబ్కా గుచ్చేది. రిబ్కా పోయాక నేను.

అందుకే ఆ పూట నా నోట్లోంచి వచ్చిన మాటకు నేను ఆశ్చర్యపోలేదు.

"తీస్కరాను" అన్నాను.

"ఏంది?"

"నా బిడ్డ చెయ్యి పట్టుకొని మోకాళ్ల మీదికి దించను. మా నాయన ఒకసారి చేసిండు. మా ఇంట్ల అది చాలు."

బెంజమిన్ జాలిగా తల ఊపాడు. ఆ జాలి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. "మీ నాయిన మంచోడు. ఇజ్జత్ నిలబెట్టిండు. జంపక్క వినలే, గోదార్ల కలిసింది. ఈ పిల్లకు గూడ అదే తొవ్వ చూపిస్తవా?"

అప్పుడు మహిమ నోరు తెరిచింది.

"అంకుల్, పాపిట్ల ఎరుపు ఎవరు పెట్టిన్రని కదా అడిగిన్రు. చెప్పనా?"

"చెప్పు మరి. దానికే కదా పిలిచింది."

"మా మేనత్త."

ఎవరికీ అర్థం కాలేదు. నాకసలే కాలేదు. మహిమకు ఒక్కతే మేనత్త.

"అమ్మ పోయే ముందు నాకు ఒక మాట చెప్పింది డాడీ." మహిమ ఇప్పుడు నా వైపు తిరిగింది. "జంపక్కత్త చావలేదు, అండమాన్ల ఉంది అని. సత్తుపల్లాయన ఎవరో పని మీద ఆడికి పోయి వచ్చి, బస్టాండ్ల అమ్మకు చెప్పిండట. నీకు చెప్తే నువ్వు ఊకోవు, సంఘం మీదికి పోతవు, మన పేరు కొట్టేస్తరు, తనకు తోటల చోటు కూడ ఉండదని అమ్మ భయపడ్డది. నేను పోయినంక చెప్పు బిడ్డా అన్నది. సంచి ఏసుకొని తిరగనీకి కాదు డాడీ నేను పోయింది. తిరగనీకే అని చెప్పి, ఎతకనీకి పోయిన."

రిబ్కా ఆ మాట గుండెలో పెట్టుకుని, ప్రతి ఈస్టర్‌కూ బతికున్న మనిషి కోసం గోడ బయట కొవ్వొత్తి గుచ్చింది. సమాధుల తోటలో ఆరడుగుల నేల కోసం నా భార్య నాతో నిజం చెప్పలేకపోయింది. ఇదండీ మా సంఘం మాకు నేర్పిన భక్తి.

"పోర్ట్ బ్లెయిర్‌ల తెలుగోళ్లు మస్తుగున్నరు" అంటోంది మహిమ. "అడుక్కుంట పోయినం. ఇల్లందు ఆమె, బజ్జీల బండి, అంటే ఒక చిన్న దీవి పేరు చెప్పిన్రు. మల్ల ఓడెక్కినం. మేం దిగిన పొద్దు హోళీ. ఒడ్డు మీద మా లెక్క సంచులేసుకొని వచ్చినోళ్లు, బెంగాలోళ్లు, తెల్లోళ్లు, అందరు కలిసి ఆడుతున్నరు. ఎవరిది ఏ దేశమో తెలుస్తలేదు, అన్ని ముఖాలు ఒక్కతీరుగ ఉన్నయ్. చెట్ల కింద బజ్జీల బండి. ఒక పెద్దావిడ బండి ఇడిసిపెట్టి రెండు చేతుల నిండ ఎర్ర రంగు పట్టుకొని పిల్లల ఎంబడి ఉరుకుతున్నది. ఎనక నుంచి నడక చూసిన. నానమ్మ నడకే."

పుల్లమ్మ చాప మీద ముందుకు జరిగింది. "ఎడమ కాలు జర ఇసిరేస్తది" అంది మెల్లగా.

"అవ్ అమ్మమ్మా. గట్లనే. నేను పోయి, అత్తా, నేను అంతోనయ్య బిడ్డను అన్న. చేతుల రంగు చేతులల్లనే ఉంది, నిలబడ్డది అట్లనే. నా ముక్కు చూసింది. మీ తాత ముక్కు అన్నది. ఏడుస్తదనుకున్న, ఏడ్వలే. నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది."

అయ్యగారు తలెత్తారు.

"ప్రార్థనా?"

"అవ్ అయ్యగారూ. మనం ఎట్ల చేస్తమో గట్లనే. చెయ్యి నెత్తి మీద పెట్టి, కండ్లు మూసుకొని, డాడీ పేరు, నానమ్మ పేరు పెట్టి. చాలాసేపు చేసింది. చుట్టూ డ్రమ్ములు మోగుతున్నయ్, ఎవరో నీళ్లు పోసిన్రు, ఆమె ఆపలే. చెయ్యి తీసినంక ఆ రంగు కారి పాపిట్లకు దిగింది. మధులత అప్పుడు తీసిన ఫోటో అది. తుడుచుకోబుద్ధి కాలే నాకు."

మహిమ బెంజమిన్ ముందుకు ఒక అడుగు వేసింది.

"శ్రమల దినాలల్ల ఈ హోళీ ఎందుకు అత్తా అని నేనే అడిగిన. ఈ రంగు కోసమే నన్ను ఎల్లగొట్టిన్రు బిడ్డా, గందుకే ఏటా కడుపునిండ ఆడ్త అన్నది. ఆదివారం చర్చి లేదు ఆమెకు. ఎల్లగొట్టినోళ్ల నడుమకు మల్ల పోవద్దనుకున్నదట. బండి కాడ్నే మోకాళ్లేస్తది. ఎవరూ లాక్కరాకుండనే ఏస్తది. ఇప్పుడు చెప్పున్రి అంకుల్. మా అత్త ప్రార్థన చేసిన చెయ్యి మరకకు నేను ఏమని ఒప్పుకోవాలె?"

బెంచీ మీద పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అయ్యగారు కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ ఉండిపోయారు.

బెంజమిన్ ముఖంలో మాత్రం నేను ఎదురుచూసింది కనిపించలేదు. చచ్చిన మనిషి బతికుందని వింటే ఎవరైనా ముందు ఆశ్చర్యపోతారు. ఆయన ఆశ్చర్యపోలేదు. చెమట తుడుచుకున్నాడు.

"ఎవరో ముసలిది పైసల కోసం ఆడిన నాటకం" అన్నాడు. ఆయన గొంతు పెరగడం నేను మొదటిసారి విన్నాను. "జంపక్క చచ్చింది. గోదారి ఒడ్డున చెప్పులు నేనే చూసిన. నా చేతులతోనే తెచ్చిన. అంతోనయ్యా, నీ ఇంట్లనే ఉన్నయ్ కదా ఆ చెప్పులు?"

"ఉన్నయ్" అన్నాను.

"మరింకేంది. ఈ ముచ్చట ఈడికి బందు చేయున్రి."

మహిమ తన ఫోన్ తీసింది. వీడియో కాల్ నొక్కి, అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకుంది. ఆ చిన్న అద్దంలో ముందు కొబ్బరి ఆకులు కదిలాయి. తర్వాత నూనె మూకుడు. తర్వాత ఒక ముఖం దగ్గరగా వచ్చింది. జుట్టంతా నెరిసిపోయింది. మా అమ్మే సమాధిలోంచి లేచి వచ్చినట్టుంది.

"తమ్మీ" అంది.

చిన్నప్పటి నుంచి ఆ పిలుపు నన్నెవరూ పిలవలేదు.

"తమ్మీ, నేను కబురు పంపిన్రా. బెంజమిను కాడికే రెండుసార్లు పంపిన. అంతోని నిన్ను చచ్చినదాని లెక్కనే అనుకుంటుండు, ఇంక కబురు చేయకు అని తిరుగు కబురు పంపిచ్చిండు బెంజమిను."

"నేను గట్ల అనలే అక్కా" అన్నాను. "నాకు నీ కబురే రాలే."

"ఇప్పుడు తెలుస్తుంది నాకు." ఆమె చూపు నన్ను దాటి వెనక్కి పోయింది. "నీ ఎనక తెల్లంగి ఏసుకొని ఉన్నది బెంజమినేనా? ముసలోడయిండు."

బెంజమిన్ లేచాడు. గుమ్మం వైపు పోతాడనుకున్నాను. పోలేదు. చెయ్యి చాపి, నా బిడ్డ చేతిలోని ఫోన్ వైపు వచ్చాడు. నేను ఇద్దరికీ మధ్యన అడ్డంగా నిలబడ్డాను. లారీ స్టీరింగు తిప్పి తిప్పి బండబారిన చేతులు నావి. ఆయన చెయ్యి నా గుండెకు తగిలి ఆగిపోయింది.

"జరుగు అంతోనయ్యా."

"చెప్పుల సంగతి ఏందో విననీ అన్నా" అన్నాను. "ఆ చెప్పులు మా ఇంట్లనే ఉన్నయన్నవ్ కదా."

నా వెనక నుంచి, సముద్రం హోరు మధ్యలోంచి, మా అక్క గొంతు వచ్చింది. కోపం లేదందులో. ఎన్నో ఏళ్లు నూరి నూరి పదును పెట్టుకున్న నెమ్మది ఉంది.

"కుడి కాలు చెప్పుకు బొటనేలు కాడ వారు తెగితే పిన్నీసు పెట్టుకున్న. ఉందా తమ్మీ ఆ పిన్నీసు?"

ఉంది. తుప్పు పట్టి ఉంది. పెట్టె అడుగున, చీర మడతలో, మా అమ్మా నేనూ తప్ప ఎవరూ విప్పని మూటలో. నేను తల ఊపాను.

"నన్నూ రామ్‌చందర్‌నూ స్కూటర్ మీద కొత్తగూడెం స్టేషన్‌ల దింపిండు ఈయన. తెగిన చెప్పులతోని అంత దూరం ఎట్ల పోతవని కొత్త జత కొనిచ్చి, పాతయి తనే పట్టుకపోయిండు. దేవుడసొంటోడు అనుకున్న ఆ దినం. బెంజమినూ, నీ సంఘం ఉన్నది, బల్ల ఉన్నది, పాస్టరుగారు ఉన్నడు. స్టేషన్‌ల నీ చేతికిచ్చిన నా చెప్పులు గోదారి ఒడ్డు దాంక ఎట్ల నడిచినయో చెప్పు వాళ్లకు."